మీ అన్నయ్యే చేసుంటారు

హలో… ఆ, నేనేనమ్మా, మీ వదినని. … మేం బాగానే ఉన్నాం. అంటే, నేను బాగున్నాను. మీ అన్నయ్యగారి సంగతి చెప్పుకుందామనే చేశాను. … అయ్యో, ఆరోగ్యం నిక్షేపంలా ఉంది. ఆయనే నాలుగు రోజులుగా కంప్యూటర్‌కి వైద్యం చేస్తున్నారు. … ఆ. రోగి నోరు మెదపడం లేదు.

నవ్వకు. ఆఫీసులో పని మీద ఉన్నావా? … పది నిమిషాలు చాలు తల్లీ. ఊళ్ళో వాళ్ళ కంప్యూటర్లన్నీ బాగుచేస్తావు, పుట్టింట్లో ఉన్నది ఒక్కటే కదా.

… ఇంటర్నెట్ రావడం లేదు. … ఆ ఒక్క కంప్యూటర్‌లోనే. ఫోన్లన్నిటికీ భేషుగ్గా వస్తోంది. … నేనూ అదే అన్నాను! ఫోన్లకి వస్తుంటే కంపెనీ తప్పెలా అవుతుందండీ అని. వింటేగా! కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేశారు, వైరు చూసే అతన్ని రెండుసార్లు మేడెక్కించారు. నిన్న అతను "సార్, మా లైను బంగారం" అనేసి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

… అంత తొందరేమిటంటే… పదకొండింటికి పరీక్ష ఉంది. … పిల్లలకి కాదు. నాకు. … నవ్వితే ఫోన్ పెట్టేస్తా. … పుస్తకాలు వేసే సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం, ఇంట్లోంచే. … చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకీ పొద్దున్నే చెప్పాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత బీరువా అడుగు నుంచి డిగ్రీ కాగితం తీశాను, చాటింపు వేయించి మరీ తీయాలా?

… పదకొండింటికి ప్రశ్నలు వస్తాయి, ఐదు నిమిషాల్లోపు మొదలుపెట్టకపోతే మూసేస్తారు. ఫోన్‌లో కుదరదట, కంప్యూటరే ఉండాలట. … మళ్ళీ ఇవ్వరు. ఒక్కసారే అని రాశారు. … ఇప్పుడా? పదిన్నర దాటి నాలుగు నిమిషాలు.

… తప్పులు పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరా? అది పొగడ్తేనా? … సరే, పొగడ్త కిందే రాసుకుంటాను.

కంప్యూటర్ ముందు ఎవరున్నారా? ఇంకెవరు! "నువ్వు ముట్టుకోకు, నేను చూస్తా" అని కుర్చీలో బైఠాయించారు. చూస్తూనే ఉన్నారు పాపం. … నీకు తెలీదు, ఆయనే ఏదో వీడియో చూసి లోపల కెలికుంటారు. మీ అన్నయ్య తప్ప ఈ ఇంట్లో ఆ సెట్టింగుల జోలికి వెళ్ళేదెవరు? అదే అత్తయ్యతో చెప్పాను, పక్కింటావిడతో చెప్పాను, ఆఖరికి ఆ వైరు అతనితోనూ చెప్పాను.

… ఏం మారిందా? ఏమీ మారలేదు. … ఆ, రౌటర్ మారింది. పాతది కాలిపోయిందని కొత్తది పెట్టి వెళ్ళారు. … అవును, ఆ రోజు నుంచే. … ముందే చెప్పొచ్చుగా అంటావేమిటి, రౌటర్‌కి శుభలేఖలు వేస్తారా ఎవరైనా?

సరే, చెప్పు. … ఏమండీ, సెట్టింగులు తెరవమంటోంది మీ చెల్లెలు. … నెట్‌వర్క్… అది కాదండీ, దాని కిందది… ఈథర్‌నెట్. వైరు తగిలించినది. … ఆ, అక్కడ ఐపీ అని ఉంటుందట. పక్కన ఏం రాసుంది? … 'మాన్యువల్' అని ఉందమ్మా. … అంటే? … మామూలుగా రౌటరే ప్రతి కంప్యూటర్‌కీ ఒక నంబరు ఇస్తుందా? … ఇక్కడ మనిషెవరో చేత్తో నంబరు రాసి కూర్చోబెట్టారా?

చూశావా! నేను చెప్పలా! మీ అన్నయ్యే!

ఏమండీ, ఎవరో చేత్తో రాశారటండీ. … "నేను కాదు" అంటున్నారు. దొంగ ఎప్పుడైనా నేనేనని ఒప్పుకున్నాడా?

… రౌటర్ కింద చీటీ చదవాలా? ఉండు, కళ్ళజోడు… ఆ. 192 డాట్ 168 డాట్ 1 డాట్ 1. … కంప్యూటర్‌లో గేట్‌వే అని, రౌటర్ చిరునామా రాసే చోట… 192, 168, సున్నా, 1. … ఆ ఒక్క అంకెకేనా నాలుగు రోజుల రామాయణం! … అర్థమైంది. ఇల్లు మారిపోయినా ఇది వెళ్ళి పాత ఇంటి తలుపే కొడుతోందన్నమాట. ఎవరు తీస్తారు!

… రాసిన నంబరు చివర ఎంతుందా? ఇరవై ఏడు.

… ఇరవై ఏడే, సరిగ్గానే చదివాను. … ఎవరు? నువ్వా? ఇరవై ఏడు నువ్వెప్పుడూ పెట్టే అంకెనా, ఇదీ నువ్వే పెట్టావా?

… పోయినేడు సెలవులకి వచ్చినప్పుడా. … ప్రింటర్ కోసమా. … నేనా? నేనడిగానా? … … వంటింట్లోంచి కదలకుండా ఫోన్‌తోనే ప్రింట్ కొట్టాలన్నానా. … ప్రింటర్ ఈ కంప్యూటర్‌కి తగిలించి ఉంది కాబట్టి, ఫోన్‌కి దొరికేలా దీని నంబరు మారకుండా కట్టేశావా. … మూడు రోజులు నీ వెంటపడి చేయించుకున్నానా. … అన్నానేమోలే.

… ఆయన వద్దన్నారా? … "నడుస్తున్నదాన్ని కదపకండి, రేపు ఏదైనా మారితే ఎవరికీ గుర్తుండదు" అన్నారా? ఆ ముక్క నాకు గుర్తు లేదు. … నీకు గుర్తుంటుందిలే, ఇలాంటివైతే. … దానికి నేనేమన్నాను? … "మీకేం తెలుసు" అన్నానా. … అనే ఉంటాను. ఆ మాట మన అధీనంలో ఉండదు.

… మెల్లగా మాట్లాడు తల్లీ. స్పీకర్‌లో పెట్టలేదు, కానీ ఆయన నా మొహమే చూస్తున్నారు. … సరే, ఇప్పుడేం చెయ్యాలి? … మాన్యువల్ తీసేసి 'ఆటోమేటిక్' పెట్టి, సేవ్ కొట్టాలి. అంతేనా? … ప్రింటర్ సంగతి తర్వాత చూసుకుందాం, మా తల్లే.

ఏమండీ, ఆటోమేటిక్ అని ఉంది చూడండి. అది పెట్టండి. … పెట్టండీ. … ఎందుకలా చేతులు కట్టుకున్నారు?

అమ్మాయ్, మీ అన్నయ్య కదలడం లేదు. … అన్నీ అర్థమయ్యాయాయనకి. నీ సగం వినబడకపోయినా, నా సగం చాలింది. … ఒక మాట వింటేగానీ నొక్కరట. … ఏ మాటంటే? నీకు తెలీనట్టు!

ఏమండీ, పదీ యాభై నాలుగు. … మీ చెల్లెలేనండీ, అదే పెట్టింది! … "అది ఊరికే పెట్టదు, ఎవరో అడిగుంటారు" అంటున్నారు. … నువ్వూ చెప్పెయ్యమంటావా? నువ్వెవరి పక్షమే? … నిన్ను బంగారంలా చూసుకున్నాను కదా నేను!

… యాభై ఏడు. అత్తయ్య కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సభ నిండింది.

నువ్వు ఫోన్ పెట్టెయ్. … పెట్టవా? … సరే, విను. అందరూ వినండి. ఏమండీ, ఆ నంబరు నేనడిగితేనే పెట్టింది. మీరు వద్దన్నారు, నేను వినలేదు. పైగా మీరే కెలికారని ఊరంతా చెప్పుకొచ్చాను. తప్పు… తప్పు నాది.

… నొక్కారమ్మా. … … తిరుగుతోంది… తిరుగుతోంది… వచ్చింది! … పేజీ వచ్చింది, నా పేరు కూడా కనిపిస్తోంది! … లేచారు, లేచారు. కుర్చీ నావైపు తిప్పి పెట్టారు. … ఉండు, అత్తయ్య ఏదో అంటున్నారు. … ఏమిటత్తయ్యా? … వినబడలేదా? మళ్ళీ చెప్పాలా?

నాదత్తయ్యా! తప్పు! నా-దీ! … ఆయనది కాదు, నాది! … పదకొండైంది, పెట్టేస్తు—