కిటికీలు కిందికి దిగిన గిడ్డంగి

1991 జూన్ మూడో తేదీన జూనియర్ ఇంజనీరుగా మా నిర్మాణ సంస్థలో ప్రవేశించి, నేడు చీఫ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేస్తున్న మా మేడమ్ గారిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. నక్షలు గీసే చేయి ఇది. వాక్యం వంకరపోతే పెద్దలు మన్నించాలి.

తొలి పదేళ్లలో పాఠశాలలు, ఆసుపత్రులు కట్టించారు. నాసిరకంగా పోసిన స్లాబును నిర్దాక్షిణ్యంగా పగలగొట్టించిన రోజు సాయంత్రమే, అదే మేస్త్రీ బిడ్డకు జ్వరమని తెలిసి డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్లిన సహృదయులు వారు. ఏ గదినీ నిలబడి చూసి సంతకం పెట్టేవారు కాదు. నేల మీద చతికిలబడి చూసేవారు, మమ్మల్నీ కూర్చోబెట్టేవారు. అందుకే చాటుగా "కూర్చోండి మేడమ్" అని పిలుచుకునేవాళ్లం. ఆ బిరుదు వారికి ఎప్పుడో తెలుసునని మొన్న వారి భర్తగారు చెప్పి మా పరువు తీశారు.

రైలు పట్టాల పక్కనున్న పాత పత్తి గిడ్డంగిని లాఫ్ట్ అపార్ట్‌మెంట్లుగా మార్చడం వారి ఉద్యోగ జీవితంలో శిఖరప్రాయమైన కార్యం. ఎత్తైన కప్పు, ఎర్రని ఇటుక గోడలు చూసి జనం ఎగబడ్డారు. నేనూ ఒకటి తీసుకున్నాను. నడుము విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన మా అమ్మ, పాత ఇంట్లో మెట్లు దిగలేక రెండేళ్లుగా వీధి ముఖం చూడలేదు. "ఇంకెన్నాళ్లురా ఈ బతుకు" అని రోజూ అనేది. లిఫ్టున్న ఇల్లని మురిసిపోతూ, పని పూర్తికాకముందే తీసుకెళ్లి చూపించాను.

"ఇల్లు బ్రహ్మాండంగా ఉందిరా. కానీ ఆ కిటికీలేంటి, నెత్తి మీదెక్కడో ఉన్నాయి? మనుషులు కనబడని ఇంట్లో నేనేం చెయ్యను? నేను రానంటే రాను."

గోడ పొడవునా పత్తి బేళ్లు పేర్చడానికని ఆ కిటికీలను అంత ఎత్తున పెట్టారు. అక్కడే పనులు చూస్తున్న మేడమ్ వచ్చి, అమ్మ పక్కనే నేల మీద కూర్చుని పైకి చూశారు.

"నిజమే పిన్నిగారూ! ఇన్నాళ్లూ ఇక్కడంతా పరంజా కర్రలే, కూర్చునే చోటేదీ? ఇప్పుడు తెలిసింది."

కిటికీలు కిందికి దింపుదామంటే ఎండీ గారు ససేమిరా అన్నారు. బరువు మోసే గోడను కొయ్యడం మాటలు కాదు, గడువు దాటుతుందన్నారు. మేడమ్ వాదించలేదు. మర్నాడు ఒక చక్రాల కుర్చీ తెప్పించి, ఆయనను ఆ కిటికీల కిందే అందులో కూర్చోబెట్టి, లేవకూడదని షరతు పెట్టారు. కాసేపటికి వీధిలో ఏదో గొడవ వినబడింది.

"ఏంటమ్మా అది?"

"మీరే చూడండి సార్."

"నా మొహం, ఇక్కణ్ణుంచి ఏం కనబడుతుంది!"

"పెద్దావిడ అడిగిందీ అదే సార్."

ఆయన పగలబడి నవ్వి, కానిమ్మన్నారు. పైన ఇనుప దూలాలు అమర్చి, గోడ కిందికి కొయ్యించి, ప్రతి ఇంటి కిటికీనీ కూర్చున్నవారి మోకాలి ఎత్తుకు దింపించారు మేడమ్. ఆలస్యానికి వచ్చిన చీవాట్లన్నీ తామే తిన్నారు.

శేషజీవితం సంపూర్ణ ఆరోగ్యంతో, దీర్ఘాయుష్షుతో, కుటుంబ సౌఖ్యంతో సాగాలని సంస్థ పక్షాన వారికి మనసారా ఆకాంక్షిస్తున్నాను. నా పక్షాన మాత్రం ఒక్క మాట. బతుకు చాలనుకున్న మా అమ్మ, ఆ కిటికీ దగ్గర చేరిన వారానికే, ఎదురు మేడ మీద వాళ్లు కంటికి సరిగ్గా ఆనడం లేదు, కొత్త కళ్లజోడు కొనిపెట్టమని పేచీ పెట్టింది. మేడమ్, అలాంటి కోరికలు మీకు నూరేళ్లూ పుడుతూనే ఉండాలి.