చైను పడని గంగులప్ప సైకిలు

గంగులప్ప ఉండాడే, చావు కబురు మోసేవాడు, వాని సైకిలు సంగతి చెప్తాండా వినండి. వాళ్ల నాయనదీ అదే పని, వాళ్ల తాతదీ అదే పని. మన దిన్నెపల్లెలో ఎవురన్నా పోతే ఘాటెక్కి కొండ మీదుండే పైమిట్ట ఊరికి పోవల్ల, వాళ్ల బంధువుల వాకిలి ముందర నిలబడల్ల, 'ఫలానా ఆయన పోయినాడు, రండి' అని చెప్పల్ల. ఫోన్లు లేవా అంటారు మీరు. ఉండాయి. పైమిట్టలో సిగ్నలు యాడుండాది? ఉన్నా గానీ, ఫోన్లో చెప్తే అదొక కబురా? మనిషి రావల్ల, చెమట కారతా నిలబడల్ల, చెంబుడు నీళ్లు తాగల్ల, అప్పుడు గానీ వాళ్లకు నమ్మకం కుదరదు. నమ్మితేనే గదా ఏడుస్తారు, ఏడిస్తేనే గదా బయలుదేరతారు. వాళ్ల నాయన కాలమంతా నడిచిపోయినాడు పాపం. గంగులప్పకు మాత్రం సైకిలు దొరికింది. అదెట్ల దొరికిందనుకున్నారు? బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చినాడంట, ఒంటికి కరుచుకున్న గుడ్డలు, నెత్తిన గుమ్మడికాయ చెక్క మాదిరి టోపీ. ఘాటు ఏడు మలుపులూ కాలు కింద పెట్టకుండా సైకిలు తొక్కుకుంటా ఎక్కుతానని ఎవురితోనో పందెమంట. మూడో మలుపులో కక్కుకోని పడిపోయినాడు. గంగులప్ప ఆ దావన వస్తా ఉండి, నీళ్లు తాపించి, మొగం తుడిచి, నీడకు చేర్చినాడు. ఆయన కండ్లు తెరిచి సైకిలును చూసి, 'అన్నా, దీని మొగం మళ్లా నాకు చూపించొద్దు, నువ్వే ఎత్తుకో' అనేసి, దిగిపోతా ఉన్న టమేటా లారీ ఎక్కి ఎనక్కి తిరిగి చూడకుండా పోయినాడంట. అంతే. సైకిలు గంగులప్పదైపోయింది.

అది మన సైకిలు మాదిరి కాదు. హ్యాండిలేమో పొట్టేలు కొమ్ములు మాదిరి కిందికి వంగి ఉంటాది. టైర్లు నా బొటనవేలంత లావు. క్యారియర్ లేదు, బెల్లు లేదు, స్టాండు అంతకన్నా లేదు. స్టాండు లేని సైకిలు మీరు యాడన్నా చూసినారా? గోడకు ఆనించల్ల, గోడ లేకపోతే మనిషికి ఆనించల్ల. ఇంగ అన్నిటికన్నా ఇచిత్రం ఏందంటే, పెడలు కాడ పళ్ళ చక్రం మనకు ఒకటే గదా ఉండేది, దానికి రెండుండాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. సమంగా ఉండే రోడ్డుకు పెద్దదంట, మిట్ట ఎక్కేదానికి చిన్నదంట. ఎడమ కొమ్ము మీద ఒక మీట ఉంటాది, అది నొక్కితే కింద ఒక రేకు వచ్చి చైనును ఇట్ల తోస్తాది, చైను పెద్దదాని మీద నుంచి చిన్నదాని మీదికి దుముకుతాది. దుమికితే బాగనే ఉంటాది. దుమకదు. ఘాటులో ఒకటో మలుపు సరే, రెండో మలుపు సరే, మూడో మలుపు కాడ ఏటవాలు ఎక్కువ గదా, ఆడ మీట నొక్కితే పటుక్కున చైను కింద పడేది. ప్రతిసారీ ఆడనే. దిగల్ల, గోడ లేదు గాబట్టి సైకిలును రాతికి ఆనించల్ల, చైను ఎక్కించల్ల. ఎక్కిస్తే మళ్లా పడేది. చేతులంతా నల్ల గ్రీసు, మొగం మీద చెమట తుడుచుకుంటే మొగమంతా గ్రీసు. పైమిట్ట పోయి నిలబడితే వీనెవురో కూడా తెలిసేది కాదంట వాళ్లకు.

అది నవ్వులాటగా ఉన్నిందాంక ఉన్నింది. ఒకరోజు ఏమైందంటే, మన చాకిరేవు కాడి మునెక్క పోయింది. ఆమె కూతుర్ని పైమిట్టలో ఇచ్చినారు, నాగరత్నమ్మ. ఎండాకాలం, పొద్దు నెత్తికొచ్చింది, ఎక్కువసేపు పెట్టుకోలేం, గంగులప్పా బిరబిరా పో అని పంపించినారు. మూడో మలుపు కాడ చైను పడింది. ఎక్కిస్తే పడింది. మళ్లా ఎక్కిస్తే మళ్లా పడింది. తొమ్మిదిసార్లు పడిందంట, వాడే లెక్కపెట్టుకున్నాడు. కడాకు సైకిలును భుజాన మోసుకోని పోయినాడు. ఆ పిల్ల వచ్చేటప్పటికి ఈడ మన్ను కప్పేసినారు. ఆ పిల్ల ఆ తడి మన్ను మీద పడి పొర్లి, గంగులప్ప చొక్కా పట్టుకోని, 'మా అమ్మ మొగం చూడనీకుండా చేసినావు గదన్నా' అనింది. తిట్టలేదు, కొట్టలేదు, అంతే అనింది. వానికి ఆ పొద్దు నుంచి మూడు దినాలు ముద్ద దిగలేదు. పెండ్లాం ఎంత చెప్పినా ఆ సైకిలు ముందర కూర్చోని ఆ రెండు చక్రాలనే చూస్తా ఉండెనంట.

నాలుగో దినం సైకిలును తోసుకుంటా బుడన్ సాబు అంగడికి పోయినాడు. బుడన్ సాబును మీరు చూసే ఉంటారులే, బోరు మోటారు గానీ, మిక్సీ గానీ, ట్రాక్టరు గానీ, ఏది ముందర పెట్టినా ముందు దాన్ని తిడతాడు, తర్వాత బాగుచేస్తాడు. గంగులప్ప, 'సాబూ, ఇది చైను పారేస్తాంది, ఏమన్నా చెయ్యి' అన్నాడు. ఆయన వంగి చూసినాడు, చెయ్యి తిప్పి చూసినాడు, ఎవుడ్రా దీనికి రెండు పెట్టినోడు అని ఆ చేసినోళ్లని ఏడు తరాలు తిట్టినాడు. తిట్టి, 'గంగులప్పా, రెండుండబట్టే గదరా అది ఈడికి పోదామా ఆడికి పోదామా అని మధ్యలో పడేది. ఒకటే ఉంటే యాడికి పోతాది?' అన్నాడంట. గంగులప్ప అన్నాడు, 'ఒకటి పీకేస్తే ఏది పీకుతావు? పెద్దది ఉంచితే మిట్ట ఎక్కలేను, చిన్నది ఉంచితే సమం రోడ్డులో కాళ్లు గిరగిరా తిరగడమే గానీ సైకిలు కదలదు.' 'రెండూ పీకేస్తా. నడిమి సైజుది నేనే చేస్తా. ఇంగేమన్నా తక్కువైతే ఎనక చక్రానికి పది గేర్లుండాయి గదా, అవి చూసుకుంటాయి' అన్నాడు బుడన్ సాబు.

పాత ట్రాక్టరు నాగలి బిళ్ళ ఒకటి పడుండె ఆయన అంగట్లో. దాన్ని కోసి గుండ్రంగా చేసి, ఆకురాయి పట్టుకోని పళ్ళు రాకడానికి కూర్చున్నాడు. అది కూడా ఊరికే కాదబ్బా, ఆయన తెలివి చూడండి. చైనులో ఒక సందు వెడల్పు, ఒక సందు ఇరుకు ఉంటాది గదా, దానికి తగ్గట్టు ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం, ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం. అప్పుడు చైనును పళ్ళు కరుచుకోని ఇడిసిపెట్టవు. తొమ్మిది దినాలు రాకినాడు. రాకేటప్పుడు ఊరికే ఉండడు గదా, వచ్చేవాళ్లతో పోయేవాళ్లతో మాట్లాడతానే ఉంటాడు. అంతా అయిపోయినాక ఎక్కిస్తే, ఒక సుట్టు బాగా తిరిగి, రెండో సుట్టులో టక్కుమని ఎగిరింది. ఏందిరా అని లెక్కపెడితే నలభై ఒక్క పన్ను. లావు పన్ను పక్కన ఇంకో లావు పన్ను కూర్చోనుండాది. మాటల్లో పడి ఒకటి ఎక్కువ రాకినాడు! బుడన్ సాబు ఆ చక్రాన్ని ఎత్తి బయటికి ఇసిరేసినాడు, అది పోయి ఎదురుగా టీ అంగడి పాలగిన్నెలో పడింది. ఇంకో బిళ్ళ తీసుకున్నాడు. ఈసారి తొమ్మిది దినాలూ నోట్లో తమలపాకు కుక్కుకోని ఎవురితోనూ మాట్లాడలేదు. ఊరంతా ఆయనకు జబ్బు చేసిందనుకున్నారు. నలభై పళ్ళు, సరిగ్గా నలభై. బోల్టులు రెండు చక్రాలకని చేసినవి, ఒకదానికి పొడుగైపోయినాయి, నూనె డబ్బా మూత కత్తిరించి వాషర్లు చేసి బిగించినాడు. చైను ఒదులైందని నాలుగు లింకులు తీసేసినాడు. ఆ తోసే రేకును పీకి పారేసినాడు, ఎడమ కొమ్ము మీద మీట పీకేసి ఆడ ఒక బెల్లు పెట్టినాడు. గంగులప్ప ఎక్కి ఘాటు ఏడు మలుపులూ పోయి వచ్చినాడు. పడలేదు. గుంతల్లో ఎగరేసినాడు, పడలేదు. ఎనక్కి తొక్కినాడు, పడలేదు. దిగొచ్చి బుడన్ సాబు చేతులు పట్టుకోని ఏడ్చేసినాడంట.

ఇంగ చూస్కోండి. ఎవురు పోయినా, ఈడ తలకాడ దీపం పెట్టేలోపల ఆడ పైమిట్టలో చెప్పులేసుకుంటా ఉండారు. అంత బిరీన పోతా ఉండాడు గంగులప్ప. అదే మళ్లా కొంప మీదికి తెచ్చింది. నడిపి సిద్దన్న తెలుసు గదా మీకు, ఎనభై ఏండ్లు, పండ్లు లేవు గానీ నోరు ఉండాది. ఆయన ఒకరోజు పొద్దున్నే పనసతొనలు తిని, మంచం మీద ఎల్లికిలా పండుకున్నాడు. పెండ్లాము సుబ్బక్క వచ్చి లేపితే లేయలేదు. ఊపితే ఊగినాడు గానీ లేయలేదు. నోరు తెరుచుకోని ఉండాది, ఈగ ఒకటి లోపలికి పోయి తిరిగొచ్చింది. సుబ్బక్క గుండె బాదుకోని, 'పోయినాడమ్మో!' అని ఒక కేక పెట్టింది. గంగులప్ప అప్పుడు సరిగ్గా ఆ వీధిలోనే ఉండాడు, చైనుకు నూనె పోసుకుంటా. కేక విన్నాడు, కాలు తిప్పినాడు, పోయినాడు. ఈడ సుబ్బక్క రెండో కేక పెట్టేటప్పటికి సిద్దన్న తుమ్మినాడు. తుమ్మి, లేచి కూర్చోని, 'ఎవురే పోయింది? ముందు సంగటి పెట్టు, తిని పోతాము చూసేకి' అన్నాడంట!

అయ్యో గంగులప్ప పోతాండాడే, పిలవండిరా అని అందరూ రోడ్డు మీదికి పరిగెత్తినారు. వాడు అప్పటికే రెండో మలుపు కాడ చీమ మాదిరి కనిపిస్తాండాడు. ఎవురో అన్నారు, 'ఏం బయపడొద్దండి, మూడో మలుపులో చైను పడతాది, ఆడ పట్టుకోవచ్చు.' దానికి బుడన్ సాబు అంగట్లో నుంచి లేచొచ్చి, 'ఎట్ల పడతాదిరా? నేను చేసింది ఎట్ల పడతాది? నలభై పళ్ళు!' అని రొమ్ము ఇరుచుకోని నిలబడినాడు. సిద్దన్న మనవళ్లు ఇద్దరు మోటారుసైకిలేసుకోని ఎంటబడితే, ఇద్దరూ బాగా లావు పాపం, నాలుగో మలుపులో ఇంజను పొగలు కక్కుకోని నిలిచిపోయింది, బండిని దొర్లించుకుంటా ఎనక్కి దిగొచ్చేసినారు. గంగులప్ప పైమిట్ట చేరినాడు, నిలబడినాడు, 'నడిపి సిద్దన్న పోయినాడు, రండి' అన్నాడు, చెంబుడు నీళ్లు తాగినాడు, వాళ్లంతా టెంపో ఎక్కేది చూసి తిరుక్కున్నాడు.

పైమిట్టలో ఎవురుండారనుకున్నారు, సిద్దన్న చెల్లెలు లచ్చుమక్క. అన్నాచెల్లెళ్లకు పందొమ్మిదేండ్లుగా మాటల్లేవు. ఎందుకంటే వాళ్లమ్మ మొగం మీద పుట్టుమచ్చ ఉండేదంట. అది ఎడమ చెంప మీద అని ఈయన, కుడి చెంప మీద అని ఆమె. ఫొటో లేదు. అమ్మ పోయి ఎన్నేండ్లో అయింది. ఏదో పెండ్లి పందిట్లో ఆ మాట వచ్చి, ఇస్తరాకులు ఎగరేసుకోని, అంతే, మాటల్లేవు, రాకపోకల్లేవు.

సరే, గంగులప్ప దిగొచ్చి చూస్తే సిద్దన్న అరుగు మీద కూర్చోని సంగటి తింటాండాడు. సైకిలును ఆ అరుగుకే ఆనించినాడు. 'సిద్దన్నా, నువ్వు పోయినావు గదనా' అన్నాడు. 'యాడికి?' అన్నాడు సిద్దన్న, ముద్ద చెనిగ్గింజల ఊరిబిండిలో అద్దుకుంటా. 'యాడికో నాకేం తెల్సునా, పోయినావని చెప్పొచ్చినా. నలభై మంది వస్తాండారు. పూలదండలు, కొట్టేకి పలక, అంతా ఎత్తుకోని టమేటా టెంపోలో వస్తాండారు.' ఊరోళ్లంతా తలా ఒక మాట. పోయి అడ్డం నిలబడదామని ఒకరు, గంగులప్పను కట్టేద్దామని ఒకరు. సిద్దన్న నమిలేది నిలిపి, మెల్లగా అడిగినాడంట, 'లచ్చుమి కూడా వస్తాండాదా?' 'ఆయమ్మే ముందర కూర్చోనుండాదినా. ఏడుస్తా వస్తాండాది' అన్నాడు గంగులప్ప. సిద్దన్న తట్ట పక్కన పెట్టినాడు. చెయ్యి కడుక్కున్నాడు. మూతి తుడుచుకున్నాడు. 'అయితే పండుకుంటా' అనేసి పోయి మంచం మీద ఎల్లికిలా పండుకున్నాడు. సుబ్బక్క, 'నీకేమన్నా బుద్ధుండాదా' అంటే, 'నువ్వు ఏడుస్తా ఉండే, ఇంతకుముందు బాగనే ఏడిస్తివి గదా' అన్నాడంట.

టెంపో వచ్చింది. పలక మోగింది. లచ్చుమక్క దిగి, పడి, లేచి, జుట్టు ఇరబోసుకోని వచ్చి అన్న రొమ్ము మీద పడింది. మన ఆడోళ్ల ఏడుపు తెలుసు గదా, పాట మాదిరి సాగతాది. 'నన్నెత్తుకోని తిరిగిన అన్నా, జాతరలో బుజాన కూర్చోబెట్టుకున్న అన్నా, నీతో మాట్లాడకుండా పందొమ్మిదేండ్లు పాడు చేస్తినే అన్నా, అమ్మ మచ్చ నీ పక్కనేలే అన్నా, ఎడమ చెంపనేలే అన్నా' అనింది. అంతే. సిద్దన్న కండ్లు మూసుకోని బిగబట్టుకోనుండాడు గానీ ఆ మాటకు ఆగలేకపోయినాడు. లేచి కూర్చోని, 'ఇన్నారా! అందరూ ఇన్నారా! ఒప్పుకునింది!' అని అరిచినాడు. ఇంగ చెప్పేదేముండాది, పలక కొట్టేవాడు పలక ఇసిరేసి గోడ దుమికినాడు, ఒకాయన టెంపో కింద దూరినాడు. లచ్చుమక్క మాత్రం కదల్లేదు. తెచ్చిన పూలదండ ఎత్తుకోని, పూలు రాలేదాంక అన్నను కొట్టింది. కొట్టి, 'చచ్చినోనివని ఒప్పుకుంటి. బతికుంటే కుడి చెంపనే!' అనింది. 'ఎడమ!' అన్నాడు. 'కుడి!' అనింది. అట్ల అనుకుంటానే ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకోని ఏడ్చినారు. వచ్చిన నలభై మందికీ సంగటి గెలికి పెట్టినారు. ఆమె మూడు దినాలు ఈడనే ఉండి, ఆ మూడు దినాలూ కుడి ఎడమ అనుకుంటానే ఉన్నారు.

తర్వాత పెద్దోళ్లు కూర్చోని గంగులప్పను పిలిపించినారు. నీ సైకిలు మరీ బిరీన పోతాంది, మనిషి పోకముందే కబురు పోతాంది, ఆ పీకేసిన చక్రాలు మళ్లా పెట్టించుకో అన్నారు. గంగులప్ప తల వంచుకోని నిలబడినాడు. బుడన్ సాబు ఒప్పుకోనే ఒప్పుకోలేదు. అప్పుడు లచ్చుమక్కే లేచి చెప్పిందంట, 'వాడు ఆలీసంగా వచ్చింటే నేను పీనుగను చూసేదాన్ని. ముందుగా వచ్చినాడు, మనిషిని చూసినా. సైకిలును ఎవురన్నా ముట్టుకున్నారో, చూడండి మల్ల' అని. ఇంగెవురు ముట్టుకుంటారు? కాకపోతే ఒక కట్టడి పెట్టినారు, బయలుదేరేముందు గంగులప్ప లోపలికి పోయి, పోయినాయన కాలు పట్టుకోని, చల్లగుండాదో లేదో చూసుకోని పోవల్లని.

వాడు ఇప్పటికీ తిరగతానే ఉండాడు. మొన్న కూడా మా వాకిలి ముందర బెల్లు కొట్టి, 'పెద్దమ్మా, బాగుండావా' అని నా కాళ్ల దిక్కు చూసినాడు. నాకు డెబ్బై ఆరు. మా కోడలికి అరిచే అలవాటు ఎక్కువ. అందుకే నేను ఈ మధ్య పగలు కునుకు తీసినా గురక పెట్టి పండుకుంటాండా. రాకపోయినా పెడతాండా.