ఇంకొక్క టేకు

డబ్బింగ్ స్టూడియో. అద్దానికి ఇవతల రికార్డిస్టు మేడమ్, అవతల మైకు ముందు గొంతుగారు. సినిమాల్లో డాక్టర్లకీ జడ్జీలకీ తప్ప ఇంకెవరికీ మాట అరువివ్వని మనిషి ఈయన. హీరోకి ఎప్పుడూ చెప్పే ఆయనకి జలుబు చేయడంతో ఈ ప్రేమకథ వచ్చి ఈయన నెత్తిన పడింది.

"బాగాలేదు. ఇంకొక్క టేకు."

"ఇప్పుడు చెప్పబోయేది తొమ్మిదోది మేడమ్."

"లెక్క నేను చూసుకుంటాను. మీరు చెప్పండి."

"'నేనూ నీతో వస్తాను.'"

"ఆపండి, ఆపండి. బస్సెక్కబోతున్న అమ్మాయితో అనే మాటండీ అది. మీరేమో పేషెంటు పోయాడని చెబుతున్నారు."

"పన్నెండేళ్ళ నుంచీ చెబుతున్నది అదే కదా. 'సారీ, మా చేతుల్లో ఏమీ లేదు.' గొంతు అలవాటు పడిపోయింది."

"ఇవాళ మీరు హీరో. ఆ పిల్ల వేరే ఊళ్ళో సొంతంగా కొట్టు పెట్టుకుంటోంది. తోడు రమ్మని ఇంటర్వెల్‌కి ముందే అడిగింది. ఈ మహానుభావుడు చూద్దాం, చూద్దాం అంటూ బస్సు కదిలేదాకా లాక్కొచ్చాడు."

"పాపం, అతని ఇబ్బందులు అతనికుంటాయి."

"ఏం ఇబ్బందులు?"

"అద్దె ఇల్లు. ఓనరు మంచివాడు. నీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి."

"సినిమాలో వాడికి సొంతిల్లుంది."

"అయినా సరే... నీళ్ళు నీళ్ళే కదా."

"కానివ్వండి, పదో టేకు."

"'నేనూ నీతో వస్తాను.'"

"ఇప్పుడు తీర్పు చెప్పారు. ఉరిశిక్ష వేసినట్టుంది."

"మేడమ్, ఆ డైలాగే మార్చేయకూడదూ? 'జాగ్రత్తగా వెళ్ళిరా' అంటే పోలా?"

"గొంతుగారూ, నేను సోమవారం వెళ్ళిపోతున్నాను."

"తెలుసు. సామాను... సర్దేశారా?"

"సర్దేశాను. అక్కడ నా స్టూడియోకి తలుపులు కూడా బిగించారు. కొత్తవాళ్ళకి మాట నేర్పే మనిషి కావాలి, రండి అని మిమ్మల్ని అడిగి ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు."

"ఏమన్నారు మీరు?"

"చూద్దామన్నాను."

"చూశారా?"

"చూస్తున్నాను. మీరు రమ్మంది పనికే కదా? అంటే... పని వరకే కదా?"

"మీకు ఎంతవరకు వినపడితే అంతవరకు."

"నాకు కాస్త ఎక్కువే వినపడింది. అందుకే భయం."

"చెవులు బాగానే ఉన్నాయన్నమాట."

"నలభై ఆరేళ్ళొచ్చాయి మేడమ్. ఇప్పుడు కొత్త ఊరు, కొత్త పని. అక్కడ నన్నెవరు ఎరుగుదురు?"

"ఇక్కడ మాత్రం ఎవరెరుగుదురు? టీ తెచ్చే ఆయన తొమ్మిదేళ్ళుగా మిమ్మల్ని డాక్టరుగారూ అనే పిలుస్తున్నాడు. మొన్న మోకాలు కూడా చూపించుకున్నాడు."

"వేడి నీళ్ళ కాపడం పెట్టుకోమన్నాను. తగ్గిందట."

"మాట మార్చకండి."

"మా అక్కని ఒక మాట అడగాలి."

"నేనడిగాను."

"ఎప్పుడు?"

"ఆదివారం. 'ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు తల్లీ' అంది. మీ దుప్పట్లు కూడా మూట కట్టేసింది."

"అందుకా రెండ్రోజులుగా చలేస్తోంది!"

"గొంతుగారూ, ఒక్క మాట సూటిగా చెబుతాను. అక్కడా ఇలాంటి అద్దమే పెట్టారు. దాని అవతల ఇంకెవరో నిలబడితే నాకు చూడబుద్ధి కాదు. ఇక మీ ఇష్టం. తెర మీద బొమ్మ వేస్తున్నాను. పదకొండో టేకు."

"'నేనూ నీతో వస్తాను...' మీతో. సోమవారమే. బస్సు ఎన్నింటికి?"

"పెదవులు కలవలేదు. హీరో నోరు మూసేసి నాలుగు సెకన్లయింది."

"అది హీరో అన్న మాట కాదు మేడమ్."

"తెలుస్తోంది. హీరోకి ఇంత వణుకు లేదు. ఆరున్నరకి బస్సు."

"ఆరున్నరా... సరే. వస్తాను. మరి ఈ టేకు పనికొస్తుందా?"

"సినిమాకి పనికిరాదు."

"అయితే పన్నెండోది చెప్పమంటారా?"

"అక్కర్లేదు. సినిమాకి మీ మొదటి టేకే ఓకే అయిపోయింది. మిగతా పదీ నా కోసం చెప్పించుకున్నాను."