ఆకులకు నూనె మెరుగు

నర్సరీ గేటు దగ్గర మావయ్య అమ్మకం మొక్కల ఆకులకు నూనెగుడ్డతో మెరుగు పెడుతున్నాడు. వెనక షెడ్డులోంచి మేనకోడలు దోసెడు రాలిన ఆకులతో వచ్చింది.

“ఏమే కోడలా, మొహం వాడిపోయిందేం? నీళ్లు పోయనా?”

“మావయ్యా, ఆకు వెడల్పుగా ఉండేది ఎండ పట్టడానికట. గాలి పీల్చేది అడుగునున్న సన్న రంధ్రాలతోనట. నూనె రాస్తే అవి మూసుకుపోతాయట.”

“తెలుసే పిచ్చిదానా! మెరిస్తేనే కొంటారు. మొక్క చస్తే మళ్లీ మన దగ్గరికే వస్తారు.”

“మరి నూనె ఆకులకు బలమన్నావుగా?”

“ఆటపట్టించానే! నమ్మేశావా?”

“నమ్మాను. నువ్వు ముప్పై ఏళ్లుగా అంట్లు కట్టి పిల్లమొక్కలు తీస్తున్న తల్లిమొక్కలన్నిటికీ నెల నుంచీ రాస్తున్నాను, రెండు వైపులా.”

మావయ్య గుడ్డ పక్కన పడేసి, ఆమె దోసిట్లోంచి ఒక ఆకు తీసి తిప్పి చూశాడు. అది తల్లిమొక్కదే.

“వాటికెందుకు రాశావే?”

“బలమైనదేదైనా ముందు తల్లికే పెట్టాలని నువ్వే అంటావుగా!”