ఇన్నాసమ్మ ఎక్కని తిరగలి బండి

ఇన్నాసమ్మ ఉందే, ఆయమ్మి సవితి ఇటలీ దేశం నుంచి వచ్చిందంట. ఏందే, నోళ్ళు తెరిచారు? చేతులాపబాకండి, మిరపకాయల తొడిమలు తీస్తానే వినండి. సవితంటే మనిషి కాదు, మోటారు సైకిలు. ఎర్రటి బండి, టాంకీ మీద రెక్కలిప్పిన గద్ద బొమ్మ. మన నక్కలదిన్నె గుడికి పాదిరీగా వచ్చాడే లూయీజీ సాములోరు, ఆ గడ్డం సాములోరు, ఆయన వాళ్ళ దేశం నుంచి ఓడ మీద తెప్పించుకున్నాడంట, చెక్కపెట్టెలో గడ్డి కూరి. దాని పేరు గుట్సి అంట. ఆయన నోట్లో ఇంపుగానే ఉండేది గానీ మనోళ్ళకి నోరు తిరగదాయె. ఆ బండికి ఎడంపక్కన, ఇంజనుకి బయటే, ఇంత లావు ఇనప చక్రం, అచ్చం తిరగలి రాయి మాదిరి తిరుగుతా ఉండేది. ఇంకేముంది, తిరగలి బండన్నారు, ఆ పేరే నిలబడిపోయింది. చప్పుడు కూడా ఇప్పటి బండ్ల మాదిరి చెవిలో జోరీగ దూరినట్టు ఉండేది కాదమ్మా. దడ్... దడ్... దడ్... అని తీరిగ్గా, ఎవరో పెద్దింటావిడ రోట్లో వడ్లు దంపుతన్నట్టు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్యలో వక్క నమిలి మింగొచ్చు అనుకో. అది వాగవతల మోగితే ఇక్కడ ఎసట్లో బియ్యం పోసేవోళ్ళు, మనిషి వచ్చేలోపు అన్నం ఉడికేది. అట్టాంటి చప్పుడు మళ్ళీ వినలా నేను.

ఏమైందంటే, మనది రేగడాయె. వాన పడిందంటే చక్రానికి మట్టి చుట్టుకుని చక్రమేదో మట్టేదో తెలవదు. సాములోరు ఏ పల్లెకి పూజకి బయల్దేరినా దారిలో దిగబడాల్సిందే. దిగబడ్డప్పుడల్లా తోసింది ఎవరంటే బాలశౌరి, తర్వాత ఇన్నాసమ్మకి మొగుడైనోడు. మిరపతోటలో గుంటక తోలే పని వదిలేసి, పంచె ఎగ్గట్టి పరిగెత్తేవాడంట. వాళ్ళమ్మ రాయమ్మ, 'ఊరోళ్ళ కొడుకులు చేలు దున్నుతుంటే నా కొడుకు దొర బండి దున్నుతున్నాడమ్మా' అని దెప్పేది. తోస్తా తోస్తా తోలడం నేర్చుకున్నాడు. అది అందరికీ లొంగేది కాదులే. గేర్లేమో కుడికాలికి, బ్రేకేమో ఎడంకాలికి, అన్నీ ఎదురే. లేపాలంటే చేతి దగ్గరుండే చిన్న మీట వెనక్కి తిప్పి, బుజ్జగించి, అప్పుడు తన్నాలి. బుజ్జగించకుండా తన్నావా, అది నిన్ను తన్నుద్ది. అప్పటి మునసబుగారు ఒకరోజు 'ఇదేమన్నా బ్రహ్మవిద్యా' అని మీట ముట్టుకోకుండా ఒక్క తన్ను తన్నాడంట. అది తిరిగి తన్నింది. మునసబుగారు పోయి గడ్డివాములో, ఆయన తలపాగా పోయి పేడదిబ్బలో. ఆయనుండగా ఊళ్ళో ఎవ్వరూ పైకి నవ్వలా. ఆ బాకీ నవ్వంతా ఆయనటు పోయాక నవ్వుకున్నారు.

సరే, సాములోరు ముసలోడయ్యాడు, వాళ్ళ దేశం పిలిపించుకుంది. పోయేముందు బాలశౌరిని పిలిచి, 'తోసినోడిదే బండి, శౌరీ. ఇక ఇది నీది. ఒక్కటే మాట, వెనక సీటు మాత్రం నీది కాదు. ఎక్కుతానని అడిగినోళ్ళని ఎవర్నీ కాదనబాక' అన్నాడంట. బాలశౌరి ఆ మాట మొక్కు మాదిరి పట్టుకున్నాడు. కులం చూడలా, గుడి చూడలా. జరమొచ్చిన బిడ్డలూ, నొప్పులొచ్చిన ఆడోళ్ళూ, కోర్టు పనులోళ్ళూ, చివరికి అలిగి పుట్టింటికి పోయే కోడళ్ళు కూడా ఆ సీటే. నరసరావుపేట దారిలో ఆ సీటు మీదే నొప్పులెక్కువై, తుమ్మచెట్టు కింద పుట్టినోడు మన బాజాల నాగేశు. వాణ్ణి ఇప్పటికీ తిరగలోడనే గదా అంటారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తన్నా. ఆ బండి మీద ఆడమనిషి ఒక పక్కకి కాళ్ళేసి కూర్చోడం కుదరదు. ఎడం పక్కేమో తిరగలి, కోక చెంగు అందితే చాలు మింగుద్ది. కుడి పక్కేమో పొగగొట్టం, పిక్క అట్టు మాదిరి కాలుద్ది. అందుకని ఎంత గొప్పింటి ఆడదైనా సరే, నాట్లకి దిగినట్టు కోక గోచిపోసి, చెరో పక్కా కాలేసి మగోడి మాదిరి కూర్చోవాల్సిందే. ఊళ్ళో ఆడోళ్ళు మొదట్లో సిగ్గుపడ్డారు, తర్వాత మరిగారు. గాలి కొడతా ఉంటే ఆ సుఖమేందో ఎక్కినోళ్ళకే తెలుసులే.

ఇన్నాసమ్మ కాపరానికొచ్చిన కొత్త. పుట్టింట్లో తిరునాళ్ళకి పిలిచారు. బాలశౌరి పొద్దున్నే గద్ద బొమ్మని రుద్ది రుద్ది తళతళలాడించి, బండిని వాకిట్లోకి తెచ్చాడు. ఇన్నాసమ్మ పట్టుకోక కట్టి, కనకాంబరాలు పెట్టి, ఎవరూ చెప్పకుండానే కుచ్చిళ్ళు గోచిపోసుకునే లెక్కలో గడపలో నిలబడింది. పెళ్ళిచూపుల్లో మొగుణ్ణి చూళ్ళేదంట, బయట ఆపిన బండినే చూసి ఒప్పుకుందంట, ఆ మాట నాతోనే చెప్పింది. వాడు ఆమె వంక చూసి, తల ఇట్టా ఆడించాడు, రా అన్నట్టు. అరుగు మీద కందులు చెరుగుతున్న రాయమ్మ చేట కింద కొట్టింది. 'ఏందిరా, నా ఇంటి కోడలు కాళ్ళు చెరో పక్కేసుకుని ఊరేగుద్దా? అది ఎక్కిన మరుక్షణం నేను బాయిలో ఉంటా చూసుకో' అంది. బాలశౌరి తల్లి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, చివరికి నేల వంక చూశాడు. చూసి, ఏమన్నాడో తెలుసా? 'నేనేమన్నా ఎక్కమన్నానా అమ్మా' అన్నాడు. అనేసి బండి లేపి పోయాడు. పోయినోడు పోయినట్టుండక, సందు మలుపులో కుమ్మరి బసవమ్మ బిడ్డనెత్తుకుని అడిగితే ఎక్కించుకున్నాడు. బసవమ్మ గోచిపోసి, చెరో పక్కా కాలేసి, దడ్... దడ్... దడ్... గడపలో నిలబడి చూస్తానే ఉంది ఇన్నాసమ్మ.

అప్పుడందంట, అత్త మొహం మీదే, 'వినత్తా. ఆ బండి నా గడప ముందు, గుళ్ళో మనం మోకరించినట్టు మోకాళ్ళ మీద పడిన రోజే ఎక్కుతా. లేదా, నా శవానికి కూడా దాని గాలి తగలనీను.' అని తిరునాళ్ళకి నడిచే పోయింది, పట్టుకోక అంచుకి రేగడి పులుముకుంటా. వాడు సాయంత్రం వెనకాలే పోయి బతిమాలాడులే, తిరిగొచ్చేటప్పుడు కూడా ఆమె గట్టు మీద నడక, వాడు పక్కన బండి తోసుకుంటా నడక. ఊరంతా చూసి నవ్వింది.

అది మొదలు ఆ ఇంట్లో ఇద్దరు పెళ్ళాలనుకో. పొద్దున తోలు, సాయంత్రం తుడువు. తుడిచేది ఎవరు? ఇన్నాసమ్మే. కిరసనాయిలు గుడ్డతో తుడుస్తా, 'ఏమే సవితీ, వచ్చావా? ఎవర్ని మోసుకొచ్చావే ఇయ్యాల, నడుం పడిందా?' అని తిట్టుకుంటా తుడిచేది. దాని సామాను ఈ దేశంలో దొరకదు, ఈ ఊరి పానా దాని బోల్టుకి పట్టదు. ఒక పళ్ళ చక్రం అరిగితే గుంటూరు లేతు కాడ వారం పడిగాపులు. ఇంజను మూత కింద నూనె కారుతుంటే, ఇన్నాసమ్మే తన పెళ్ళి పెట్టె అడుగున పరిచిన మందపాటి అట్టని కత్తిరించి ఇచ్చింది. వెనక సీటు చిరిగింది. తను ఒక్కసారి కూడా ఎక్కని సీటు, దాన్ని తోలుముక్కేసి, దబ్బనంతో కుట్టింది కూడా ఆయమ్మే. 'ఊళ్ళో ఆడోళ్ళ పిర్రలు నొప్పెడతయ్ గదా, కుట్టొద్దా' అందంట. అందులో ఎంత వేళాకోళమో, ఎంత దుఃఖమో, నేను చెప్పలేను తల్లీ.

రాయమ్మ పోయాక ఒకరోజు బాలశౌరి మెల్లిగా, 'ఇప్పుడెవరున్నారు అడ్డం? ఎక్కరాదా?' అన్నాడు. 'మోకరించిందా?' అంది. 'ఇనుముకి మోకాళ్ళెక్కడయ్యే?' అన్నాడు. 'ఆ రోజు నీ నోరు ఎక్కడికి పోయిందో, దాని మోకాళ్ళూ అక్కడికే పోయినయ్, పోయి వెతుక్కో' అంది. మగోడు మళ్ళీ నోరెత్తలా. చెప్పొద్దూ, ఎత్తాల్సింది. 'ఆ రోజు తప్పన్నాను' అనే ఒక్క ముక్క వాడి గొంతులో చేపముల్లు మాదిరి ఉండిపోయింది. మగోళ్ళకి చేపముల్లయినా దిగుద్ది గానీ ఆ ముక్క దిగదు.

అట్టా ఇద్దరూ ముసలోళ్ళయ్యారు. ఇంటికో బండొచ్చింది, ఆటోలొచ్చినయ్, అడిగేవోళ్ళు తగ్గిపోయారు. వాడి కాలు పట్టేసి, బండి లేపడానికి నాలుగు తన్నులు తన్ని రెండు ఆయాసాలు తీసుకునేవాడు. అప్పుడు కొత్తగా వచ్చిన చిన్న ఫాదరు, మంచోడేలే పాపం, ఇంటికొచ్చి, 'తాతా, ఇది మన పెద్ద సాములోరి గురుతు. గుడి పక్కన అద్దాల గది కట్టించాం. పండగ రోజు తెచ్చి అందులో పెడదాం' అని అడిగాడు. అడిగినోళ్ళని కాదనకూడదు గదా. సరేనన్నాడు. ఊళ్ళో మాకందరికీ ఒకటే దిగులు. బండి అద్దాల్లోకి పోయిందంటే ఇక బయటికి రాదు. మరి ఇన్నాసమ్మ పంతం? ముసల్ది ఎక్కకుండానే పోద్దా?

పండగ ముందురోజు సాయంత్రం ఇన్నాసమ్మ దాన్ని ఆఖరిసారి తుడిచింది. సీటుకి కొబ్బరినూనె రాసింది. రాసి, గద్ద బొమ్మ మీద చెయ్యేసి, 'పోవే సవితీ, పో. నువ్వూ మోకరించలా, నేనూ ఎక్కలా. ఇద్దరం గట్టి పిండాలమే' అంది. కొట్టంలో గడ్డి వేస్తున్న బాలశౌరి విన్నాడు. విని, గడ్డి చేతిలో పట్టుకుని అట్టానే నిలబడ్డాడంట, గేదె చెయ్యి గుంజిందాకా.

తెల్లారింది. వాగులో కడుక్కొస్తానని బాలశౌరి బండి తీసుకుపోయాడు. ఇన్నాసమ్మ మొహం చూపించకుండా పెరట్లో కట్టెలు చీల్చుకుంటా ఉండిపోయింది. రాత్రి వాన పడిందేమో, వీధంతా చితచిత. కాసేపటికి నాగేశుగాడి బాజాలు, పిల్లామేకా, నడుమ తిరగలి బండి మీద తలపాగా చుట్టి బాలశౌరి, ఊరేగింపు ఊరంతా తిరిగి వచ్చింది. గుడి దగ్గరికి నేరుగా పోవాలా? పోలా. 'ఇంటికి చెప్పిపోవాలిగా' అని ఇంటి వైపు తిప్పాడు. బాజా విని ఇన్నాసమ్మ గడపలోకొచ్చింది, చేతిలో గొడ్డలి అట్టానే ఉంది. ఇంటి ముందు మురుగు కాలవ ఉంది గదా, దాని మీద బండి కోసమని ఎప్పుడో వేసిన నాపబండ. కళ్ళు మూసుకుని తోలినా ఆ బండ తప్పడు బాలశౌరి. ఆ రోజు ఏమైందంటే, ముందు చక్రం దబ్బున కాలవలో దిగబడింది. బండి తోక లేచింది, తల వంగింది, గద్ద బొమ్మ పోయి నేలకానింది. ఎట్టా అంటే, గుళ్ళో మోకరించినట్టు. ముసలోడు ఎగిరి ఆమె కాళ్ళ దగ్గర బురదలో పడ్డాడు. బాజాలాగినయ్. ఇంజను మాత్రం ఆగలా, తిరగలి తిరుగుతానే ఉంది, దడ్... దడ్... దడ్...

అందరం అయ్యో అయ్యో అని పోతే, వాడు చెయ్యెత్తి ఆపాడు. బురదలో కూర్చునే, ఊరందరికీ వినపడేట్టు అరిచాడు. 'ఇన్నాసమ్మా! ఇదిగో మోకరించింది. ఆ రోజు ఎక్కమన్నది నేనే. అనలేదని అబద్ధమాడింది కూడా నేనే. ఇప్పుడంటన్నా, అందరి ముందూ అంటన్నా, ఎక్కు!' పెళ్ళాన్ని పేరెట్టి వీధిలో పిలవడం మా ఊళ్ళో అదే మొదలు.

ఇన్నాసమ్మ కాలవ వంక చూసింది. గోడ వంక చూసింది. మొగుడి చేతుల వంక చూసింది. కిందకి వంగి, మాకు వినపడకూడదనే అందిలే, నేను పక్కనే ఉన్నా కాబట్టి విన్నా, 'నడుమిరిగుంటే ఎవడు మోస్తాడ్రా నిన్ను, ముసలి సచ్చినోడా' అంది. గొడ్డలి అవతల పడేసి, నాట్లకి దిగినట్టు కోక గోచిపోసింది. మగోళ్ళు నలుగురు బండి లేపారు, బాలశౌరి ఆ బురదతోనే ముందు సీటెక్కాడు. చెరో పక్కా కాలేసి ఎక్కింది. తను కుట్టిన సీటే.

గుడి ముందర చిన్న ఫాదరు దండ పట్టుకుని నిలబడ్డాడు. బండి వచ్చింది, ఆయన ముందు నుంచే పోయింది. 'తాతా, ఆగండి, ఇక్కడే!' అంటన్నాడు, ఎవరు వినాలి? చర్నాకోలలా దారి చీల్చుకుంటా మిరపతోటల మధ్యన వాగు దాకా పోయింది. చప్పుడు చిన్నదయ్యిందే గానీ చాలాసేపు వినపడతానే ఉంది, మేమందరం నిలబడి విన్నాం. పొద్దువాలుతుంటే తిరిగొచ్చారు, పెట్రోలైపోయి, ఇద్దరూ తోసుకుంటా. ఫాదరు పాపం ఆ దండతో అక్కడే ఉన్నాడు, పూలు వాడిపోయినయ్. ఇన్నాసమ్మ రొప్పుతానే అంది, 'తోసినోళ్ళదే బండన్నాడు మీ పెద్ద సాములోరు. ఇప్పుడు నేనూ తోశా. అద్దాల్లో పెట్టుకో నాయనా, కాదనను. తాళంచెవి మాత్రం నా దగ్గరుంటది.'

బాలశౌరి పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఆదివారం పూజయ్యాక ఆయమ్మి ఆ గది తాళం తీసి కాసేపు కూర్చునొస్తది. వెనక సీటు మీదే, ముందు సీటు ఖాళీగా పెట్టి. ఆ నాపబండంటారా, అది గోడకి చేరగిలబడే ఉంది. నాపబండ తనంతట తాను లేచి గోడెక్కుద్దా ఏంది, మీరే చెప్పండి. దాని అడుగు బురద, ఆ రోజు ముసలోడి అరచేతుల బురద, రెండూ ఒకటే నలుపు. మళ్ళీ కాలవ మీద వేద్దాం అవ్వా, ఎవరన్నా పడతారంటే, 'పడాల్సినోళ్ళు పడతార్లే' అంటది. నేను చెప్పేదేందంటే, మీ మొగుళ్ళకి చెప్పుకోండి, ఎత్తాల్సిన బండేదో వయసులోనే ఎత్తుకోమని. ముసలితనంలో ఎత్తితే నడుం పట్టుద్ది. పాపం, బాలశౌరి ఆ తర్వాత నిటారుగా నిలబడిందే లేదు. అయినా ఆ రోజు కన్నా పొడుగ్గా వాడెప్పుడూ కనపడలా.