పబ్బు షేర్లు కొనాలనుకున్న మనిషి

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్న భర్త, ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చున్నాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది.

"పబ్బులవీ బీరు కంపెనీలవీ షేర్లు బాగా పడిపోయాయి. ఉన్న డబ్బుతో కొందామనుకున్నాను."

"ఈ గడ్డురోజుల్లోనా?"

"ఉద్యోగాలు ఊడినా జనం తాగడం మానరు. నాకు తెలీదా?"

ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. అతను మందు మానేశాక ఆ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"పబ్బుకి వెళ్ళారా?"

"వెళ్ళాను. జనం వస్తున్నారో లేదో చూద్దామని. సోడా మాత్రమే తాగానే, ఒట్టు."

"నమ్ముతాను. వస్తున్నారా మరి?"

"కిటకిటలాడుతోంది. మా ఫ్యాక్టరీ వెల్డరూ ఉన్నాడు. వాళ్ళావిడ ఫోన్ చేస్తూనే ఉంది, వాడు తియ్యట్లేదు."

"మీరూ తీసేవారు కాదు."

"అదే గుర్తొచ్చింది. వాణ్ణి లేపి ఇంటి దగ్గర దింపొచ్చాను."

"షేర్ల సంగతి?"

"అవి పెరగాలంటే వాడు రేపు కూడా అక్కడే కూర్చోవాలి. అలా కోరుకోవడం నా వల్ల కాదు."

ఆమె ఉల్లిపాయల వంకతో కళ్ళు తుడుచుకుంది.

"రేపు సాయంత్రం వాళ్ళిద్దర్నీ భోజనానికి పిలవండి."

"ఇప్పుడున్న పరిస్థితిలో ఏం పెడతావే?"

"మనం తినేదే."