మంచిగనే వినబడుతది

తాండూరులో పద్మారాణి ఇల్లు. ఆదివారం పొద్దున. వికారాబాద్‌లో ఉండే తమ్ముడు శ్రీహరి వచ్చి ఇంకా గడప దగ్గరే నిలబడి ఉన్నాడు.

“కండ్లు జూడు, మిరపకాయల లెక్కయినయి! రాత్రంత పబ్బుల గా డీజే కొట్టి, సీదా రైలెక్కి వచ్చినవా?”

“ఆ... అట్లనే అనుకో.”

“వారమంత వికారాబాద్ల ఆస్పత్రి, శుక్రారం శనారం హైదరాబాద్ల పబ్బు. మనిషివా మిషినువారా? ఒక్కటన్న ఇడువు హరీ.”

“ఆస్పత్రి కడుపుకు అక్కా. డీజే పానానికి. ఏది ఇడువాలె?”

“సరే తీయ్, గడపల నిలబడకు. చాయ్ పెడ్త.”

“చాయొద్దు. మనీషా ఏది?”

“పండుకుంది. ఏం?”

“లేపు. వికారాబాద్ తోల్కపోత.”

“మామకు మస్తు ప్రేమొచ్చిందే ఇయ్యాల! సెలవు దినం కదరా, పండుకోనీ—”

“చెవులు మళ్ల పరీక్ష చేయాలె అక్కా.”

“మళ్లేంది? దానికి మూడేండ్లప్పుడు హైదరాబాద్ల పెద్ద డాక్టరు రమ్మన్నా పోకుండ నీ తానకే తెస్తే, నువ్వే చేసినవ్ గదా. మంచిగనే వినబడుతది, మొండితనం, మాటలు లేటుగొస్తయి అని నువ్వే అంటివి.”

“అన్న.”

“గా మాట చెప్పే మా అత్త నోరు మూపిచ్చిన. నా తమ్ముడు చెవుల డాక్టరు, వాడే చెప్పిండు, ఇంకెవ్వలు చెప్పాలె అని.”

“డాక్టర్ను కాదక్కా. పరీక్ష చేసేటోన్ని.”

“మాకు డాక్టరువే.”

“అక్కా, జర ఇను. పరీక్ష తప్పు వచ్చింది.”

“ఏందీ?”

“మిషిన్ల సౌండు ఎక్కువుండె. సన్న కూత పెట్టినమని మేమనుకున్నం, పిల్లల చెవుల పెద్ద కూత వచ్చింది. వినబడనోళ్లు గూడ చెయ్యెత్తిండ్రు. మనీషా గూడ ఎత్తింది. నిన్న కంపెనీ మనిషి వచ్చి చూస్తే దొరికింది.”

“అంటే మనీషాకు...”

“పరీక్ష చేస్తేనే తెలుస్తది.”

“నా మొఖం జూసి చెప్పు.”

“డప్పు వినబడుతది. లారీ హారన్ వినబడుతది. మాట సగమే వినబడుతది అక్కా. సగం విన్న పిల్ల మాట ఎట్ల నేరుస్తది?”

“అయ్యో... అయ్యో నా బిడ్డ! పిలిస్తే పలుకతలేదని మొన్న కట్టెతోని కొట్టిన్రా. వీపు మీద తట్లు ఇంక పోలే. కొట్టుకుంట నేను తిడుతుంటే, ఏడ్చుకుంట వచ్చి నా కాళ్లే పట్టుకుంది.”

“అక్కా...”

“చెవుల పెట్టే మిషిన్లు ఉంటయి గదా. పెట్టు. ఇయ్యాలే పెట్టు. మాటలొస్తయి గదా?”

“వస్తయి. కొన్ని.”

“కొన్ని ఏందిరా, కొన్ని?”

“ముందుగల్ల పెట్టాల్సింది. మాటలు నేర్చే ఈడు పోతున్నది. ఇప్పుడు పెట్టినా, తోటి పిల్లల లెక్క మాట్లాడుతదని నేను చెప్పలేను.”

“మీ బావను పిలుస్త. బండల పాలిష్ యూనిట్ల పనిల ఉన్నడు. పది మందిని తీస్కొని వస్తడు. గా ఆస్పత్రోన్ని బజార్ల నిలబెట్టకుంటే చూడు—”

“వద్దక్కా.”

“ఎందుకొద్దు? ఖరాబైన మిషిన్ పెట్టి పిల్లల బతుకులు ఆగం చేస్తరా?”

“మిషిన్ ఖరాబ్ కాలే.”

“ఇప్పుడే కదరా అంటివి!”

“సౌండు పెంచింది నేనే.”

“నువ్వా?”

“పొద్దుగాల పేషెంట్లు రాకముందు, మిషిన్ను మా చెవులకే పెట్టుకొని చూస్తం. రోజూ గంతే. సన్న కూత మాకు వినబడితే మిషిన్ మంచిగున్నట్టు. ఒకనాడు నాకు వినబడలే. మిషిన్ల సౌండు పడిపోయిందనుకున్న. కంపెనీకి ఫోన్ చేయాలె నిజానికి. చేయలే. గింత దానికి వాళ్లెందుకు, పబ్బుల ఎన్ని మిక్సర్లు సక్కబెట్టలేదు నేను అనుకున్న. మూత ఇప్పి లోపల స్క్రూ తిప్పిన. నాకు వినబడేదాంక తిప్పిన. ఎందుకు వినబడలే అని అడుగవా?”

“...”

“నిన్న కంపెనీ మనిషి నన్నే కూసోబెట్టి చూసిండు. నా చెవులు పోయినయక్కా. ఎన్ని రాత్రులు గా స్పీకర్ల ముంగల నిలబడ్డ! ఇగ చెవిటోన్ని చెవుల పరీక్షకు ఎవ్వలు పెట్టుకుంటరు? పబ్బోడు మాత్రం ఉంచుకుంటడా?”

“నిన్ననే తెలిస్తే, రాత్రి మళ్ల ఎట్ల పోయినవ్రా పబ్బుకు?”

“ఇంట్ల ఉండబుద్ధి కాలే. గా సప్పుడుల ఏ ఆలోచనా రాదు. ఎంతమంది పిల్లలకు మంచిగుందని చెప్పిన్నో, వాళ్లంత కండ్ల ముంగల కనబడుతున్నరు. తిట్టు అక్కా. కొట్టు.”

“నిన్నేమని తిట్టాలె?”

“నాకు తెల్వదక్కా, ఒట్టు. నా చెవుల సంగతి నాకే తెల్వదు.”

“నాకెరుకే.”

“ఏమెరుక?”

“నీకు వినబడుతలేదని. మనీషాకు నువ్వు పరీక్ష చేయకముందే, అమ్మ పోయిన దినాలల్ల చూసిన. ఎనుకకెల్లి పిలిస్తే నువ్వు పలుకుతలేకుంటివి. మనీషా గూడ గంతే.”

“ఎరుకుండి... హైదరాబాద్ల పెద్ద డాక్టరు తోల్కరమ్మన్నడు గదా! ఎరుకుండి నా తానకెందుకు తెచ్చినవక్కా?”

“ఆయన చెవుడని చెప్తడని భయమైందిరా. నువ్వైతే మంచిగనే ఉందంటవని తెచ్చిన.”